పద్నాలుగో గడిలో అవును

ప్రాచీన వాహన పరిరక్షణ విభాగం బందరు శాఖలో ఉద్యోగులు పదకొండు మంది, ప్రాచీన వాహనం ఒకటి. పదకొండు మందిలో పదిమంది ఫైళ్లను చూసుకునేవారు. పదకొండోవాడు డ్రైవర్ నాగుల్‌మీరా. అతనొక్కడే కారును చూసుకునేవాడు. ఈ ఏర్పాటులో వంక పెట్టడానికేమీ లేదని శాఖాధికారి వేమూరి పశుపతి అభిప్రాయం. కారు ఒకటే గనక ఒక మనిషి చాలు. ఫైళ్లు అలా కాదు కదా, పదమూడు వందలున్నాయి.

కారు పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు నాటిది. ఒక జమీందారు గారు ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించుకున్నారు. మోజు తీరేదాకా తిరిగారు. ఆయన వారసులకు దాన్ని ఏం చేయాలో పాలుపోక సర్కారుకు దానమిచ్చేశారు. నల్లటి ఒళ్లు, గుండ్రటి దీపాలు, ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పితే లేచే ఇంజను. జమీందారు గారి దగ్గర దాన్ని నడిపింది నాగుల్‌మీరా తండ్రి. ఇప్పుడు నాగుల్‌మీరా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం హ్యాండిల్ వేసి తిప్పుతాడు. రెండు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంటుంది. పది నిమిషాలు నడిపించి, చేత్తో బానెట్ తట్టి, ఆపేసి నమాజుకు వెళ్లిపోతాడు. ఆ పది నిమిషాలూ ఆఫీసులో పదిమందీ ఫైళ్లలోంచి తలెత్తి వినేవారు. తాము ఎందుకు ఉద్యోగం చేస్తున్నదీ వాళ్లకు వారానికి ఆ ఒక్కసారే గుర్తొచ్చేది.

పశుపతి మెకానికల్ ఇంజనీరు. చదువుకునే రోజుల్లో చేతికి గ్రీజు అంటిందేమో గానీ ఆ తర్వాత సిరా తప్ప మరేదీ అంటలేదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసిన విషయాన్ని పైకి చెప్పుకోకపోవడం పెద్దరికం అనుకునే తరహా మనిషి. పైగా పిరికివాడు. ఇదీ తెలుసు. ఇదీ చెప్పుకోడు.

ఆయన బందరు వచ్చిన మొదటి సంవత్సరమే కేంద్ర కార్యాలయం నుంచి వార్షిక సంరక్షణ పత్రం, నమూనా ఏడు వచ్చింది. ఎప్పుడో లారీల కోసం ఎవరో తయారుచేసిన పత్రమది. అందులో ముప్ఫై గడులు. పద్నాలుగో గడిలో ఇలా ఉంది: "ఆయిల్ ఫిల్టర్ మార్చబడినదా? అవును / కాదు. కాదు అయినచో కారణములను నాలుగు ప్రతులలో సమర్పించవలెను."

పశుపతి షెడ్డుకు వెళ్లి అడిగాడు. "ఏం మీరా, ఫిల్టర్ మార్చావా?"

"దీనికి ఫిల్టరెక్కడిది సార్?" అన్నాడు నాగుల్‌మీరా, కారు కిందనుంచి తల బయట పెట్టి. "ఆ రోజుల్లో కొన్ని కార్లకి పెట్టలా. అడుగున నూనె తొట్టి ఉంటది గదా, దాంట్లో ఇత్తడి జాలీ ఉంటది, అంతే. ఏడాదికోసారి తొట్టి ఊడదీసి జాలీని కిరసనాయిల్లో కడుగుతా. నూనె మటుకు నెల తప్పకుండా మారుస్తా. మా నాయన అంతే చేశాడు, నేనూ అంతే."

పశుపతి నిజాయితీగా పద్నాలుగో గడిలో "కాదు" అని రాసి, కారణం నాలుగు ప్రతుల్లో జతచేశాడు. "ఇంజనుకు ఫిల్టర్ లేదు."

ఇరవై రెండు రోజులకు మెమో వచ్చింది. "సదరు ఇంజనుకు ఫిల్టర్ లేదని తామే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు. ఫిల్టర్ ఎప్పటినుండి లేదు? ఎవరి నిర్లక్ష్యము వలన పోయినది? విచారణ ముగియువరకు సదరు ఇంజనును ఎవ్వరునూ తాకరాదు."

ఇద్దరు అధికారులొచ్చి షెడ్డుకు లక్క సీలు వేశారు. ఫిల్టర్ పోలేదు మొర్రో, అసలు లేదు అని పశుపతి మొత్తుకుంటే, "పోయిన ప్రతి వస్తువూ ప్రస్తుతం లేనిదే కదండీ" అని ఒకాయన ఓపిగ్గా వివరించాడు. ఐదు నెలలు. టైర్లు నేలకు అంటుకుపోయాయి. నాగుల్‌మీరా ప్రతి శుక్రవారం తాళం వేసిన షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని వెళ్లేవాడు. చివరికి విచారణాధికారికి బదిలీ కావడంతో విచారణ ముగిసింది.

మరుసటి ఏడు పద్నాలుగో గడిలో పశుపతి "అవును" అని రాశాడు.

ఏమీ జరగలేదు. ఎంత హాయి! మెమో లేదు, సీలు లేదు, అడిగిన నాథుడు లేడు. ఒక్కటే జరిగింది. పాతది మార్చారు గనక వచ్చే ఏటికి ఇంకోటి కావాలి కదా అని సెంట్రల్ స్టోర్సు వాళ్లు ఒక ఫిల్టర్ పంపారు. ఏ జీపుదో, మంచి గట్టి డబ్బా. అడుగున పెద్ద కన్నం, దాని చుట్టూ చిన్న కన్నాలు. పశుపతి దాన్ని ఫ్యాను కింద కాగితాల మీద పెట్టుకున్నాడు. ఇక ఏటా ఒక "అవును", ఏటా ఒక ఫిల్టర్. రెండోదాన్ని సీనియర్ అసిస్టెంట్ హైమావతి గారు తీసుకుంది. పెద్ద కన్నంలో పెన్నులు, చిన్న కన్నాల్లో గుండుసూదులు. మూడోది ఆఫీసులో లక్ష్మీదేవి పటం ముందుకు చేరింది. అగరుబత్తీలు గుచ్చడానికే ఆ కన్నాలు చేశారేమో అన్నంత కుదిరింది. ఐదోదాంట్లో పశుపతి భార్య కరివేపాకు మొక్క వేసింది. అది మాత్రం బతకలేదు.

తొమ్మిది "అవును"లు పూర్తయ్యాక పిడుగు పడింది. పిడుగంటే సన్మానం. "వరుసగా తొమ్మిదేళ్లు క్రమం తప్పక ఫిల్టర్ మార్పిడి జరిపిన ఏకైక శాఖ" అని బందరుకు రాష్ట్ర స్థాయి ప్రశంసాపత్రం ఇచ్చారు. శాలువా కప్పుతున్నప్పుడు పశుపతికి చెమటలు పట్టాయి. శాలువా వల్ల అనుకున్నారంతా. మర్యాదగా ఉంటుందని హైమావతి గారు ముందుచూపుతో ఎనిమిదో ఫిల్టర్‌కు బంగారు రంగు వేయించి తెచ్చింది. దాన్ని జాయింట్ డైరెక్టర్ చిత్తరంజన్ గారికి జ్ఞాపికగా సమర్పించారు.

చిత్తరంజన్ గారు పొంగిపోయారు. "పశుపతి గారూ, మీ అనుభవం మీతో పోకూడదు. పాత ఇంజనుకు సరైన ఫిల్టర్‌ను ఎంపిక చేయడం ఎలా అన్నదానిపై విభాగానికి ఒక మార్గదర్శి రాసివ్వండి" అన్నారు.

అక్కడ నోరు తెరిచి ఉంటే సరిపోయేది. "అయ్యా, నేను జన్మలో ఫిల్టర్ మార్చలేదు" అనడానికి ఎంతసేపు? పశుపతి నోరు తెరిచిన మాట నిజమే. "తప్పకుండా సార్" అన్నాడు.

అని ఊరుకున్నాడా? నలభై రెండు పేజీలు రాశాడు! ఆ రాయడంలో ఒక సుఖముంది, దాన్ని ఆయన దాచుకోలేదు. మర ఎన్ని చుట్లుండాలి, రబ్బరు వాషరు ఇంజను ముఖానికి ఎంత మేర ఆనాలి, కాగితం మూసుకుపోతే నూనెను పక్కదారి పట్టించే కవాటం ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలి, ఇంజను ఆగాక నూనె వెనక్కి జారిపోకుండా ఆపే పొర ఉందో లేదో ఎలా చూడాలి, పైకి ఒకేలా కనబడే రెండు డబ్బాలు లోపల ఒకేలా ఉండవని ఎందుకు గుర్తుంచుకోవాలి, అన్నీ రాశాడు. అన్నీ నిజాలే. ఏ మెకానిక్ చదివినా తప్పు పట్టలేడు. మొదటి వాక్యం కోసం మాత్రం మూడు రోజులు ఆలోచించి, చివరికి ఇలా పెట్టాడు: "ఫిల్టర్ లేని ఇంజను ఊహకందనిది." రాసి, ఎంత బాగుందో అని రెండుసార్లు పైకి చదువుకున్నాడు. కిటికీలోంచి షెడ్డు కనబడుతూనే ఉంది.

మార్గదర్శి అచ్చయింది. దాంతో విభాగమంతటా ఫిల్టర్ల ఊపు మొదలైంది. గవర్నరు కాలం నాటి గుర్రపు బండి ఉన్న ఒక శాఖవాళ్లు తమకు ఏ ఫిల్టర్ వర్తిస్తుందో తెలపమని ఉత్తరం రాశారు. పశుపతి "తగు అధ్యయనం అనంతరం తెలియజేయబడును" అని జవాబిచ్చాడు. ఈ ఊపులోనే కేంద్ర కార్యాలయం "ఫిల్టర్ పరిరక్షణ వారోత్సవాలు" ప్రకటించింది. ప్రారంభం బందరులో. ప్రాచీన వాహనానికి జాయింట్ డైరెక్టర్ గారు స్వహస్తాలతో ఫిల్టర్ మార్చి వారోత్సవాలను ఆరంభిస్తారు. పశుపతి రిటైర్మెంటు అప్పటికి నాలుగు నెలలుంది.

ఫిల్టర్ ఎంపిక కమిటీ సమావేశం పదిన్నరకు మొదలైంది. బల్లమీద మూడు ఫిల్టర్లు పెట్టారు: చిన్నది, మధ్యరకం, పెద్దది. అధ్యక్షత చిత్తరంజన్ గారు, కార్యదర్శి హైమావతి గారు, నిపుణుడు పశుపతి.

"మార్గదర్శి ఆరో పేజీ ప్రకారం," అంది హైమావతి గారు, "ఫిల్టర్‌ను ఎంపిక చేయుటకు ముందు అది కూర్చునే స్థానమును కొలవవలెను. కొలత చెప్పండి సార్."

పశుపతి ఫ్యాను కింద తొమ్మిదేళ్లుగా కూర్చున్న డబ్బాను మనసులో తలుచుకుని దాని కొలత చెప్పాడు.

"మధ్యరకం సరిగ్గా అంతే ఉంది!" అన్నారు చిత్తరంజన్ గారు, స్కేలు పెట్టి చూసి. ఉండదా మరి, అదే స్టోర్సు నుంచి వచ్చింది. "ఏకగ్రీవంగా ఎంపిక చేయడమైనది. ఇక స్థల పరిశీలన."

అందరూ షెడ్డుకు నడిచారు. నాగుల్‌మీరా బానెట్ ఎత్తి పక్కకు నిలబడ్డాడు. చిత్తరంజన్ గారు చేతులు వెనక్కి కట్టుకుని, దర్శనానికి వచ్చినవారిలా ఇంజనును ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశారు.

"ఏదండీ ఫిల్టర్?"

నాగుల్‌మీరా పశుపతి ముఖం కేసి చూశాడు. ఇప్పుడైనా చెప్తాడని ఆశ. పశుపతి చుట్టూ తొమ్మిదిమంది ఉద్యోగులు. అక్కడ ఆఫీసు గోడకు ప్రశంసాపత్రం పటం. నాలుగు నెలలు, నాలుగే నెలలు.

"లోపల ఉంది సార్," అన్నాడు.

"బయటికి కనబడదా?"

"కనబడదండి."

చిత్తరంజన్ గారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేమిటండీ? ప్రజాధనంతో పోషించే ఇంజనులో ప్రజలకు కనబడకుండా ఫిల్టర్‌ను ఎక్కడో లోపల దాచడమా? ప్రభుత్వం పారదర్శకతకు కట్టుబడి ఉందండీ. వచ్చే శనివారం వెయ్యి మంది విద్యార్థులొస్తున్నారు. వాళ్ల కళ్లముందు నేను మార్చాలి. హైమావతి గారూ, రాసుకోండి. సదరు ఫిల్టర్‌ను బహిర్గతం చేయవలెను. ఇంజను ప్రక్కభాగమున, ప్రజలకు కనబడునట్లు, రంధ్రము చేసి, మర చుట్లు కోయించి, ఎంపికైన ఫిల్టర్‌ను అమర్చవలెను. డ్రిల్లింగు మిషను తగు చర్య నిమిత్తం వేదికపైననే ఉంచవలెను."

ఆయన తన కారెక్కి వెళ్లిపోయారు. షెడ్డులో ఇద్దరే మిగిలారు.

"ఏందిది సార్?" అన్నాడు నాగుల్‌మీరా. గొంతు పెద్దది చేయలేదు. చేస్తే బాగుండేదని పశుపతికి అనిపించింది. "తొంభయ్యేళ్ల పోత ఇనుము సార్ అది. పక్కన డ్రిల్లు పెడితే అద్దం పగిలినట్టు పగుల్తది. లోపల నీళ్లు తిరిగే దారులున్నయ్. ఒక్కటి చీలిందా, ఇంజను పోయినట్టే. ఇంకో బ్లాకు ఈ భూమ్మీద దొరకదు. మీరు ఇంజనీరు గదా సార్, మీకు తెల్దా?"

"తెలుసు మీరా."

"తెలిసి లోపలుందన్నారా?"

పశుపతికి సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆయన రకరకాల సిగ్గులు పడ్డాడు, అన్నీ ఫైలులో పెట్టి మర్చిపోయే రకాలు. ఇది అలాంటిది కాదు. ఆ నల్లటి ఇంజను చచ్చిపోతే దాన్ని చంపింది చిత్తరంజన్ గారూ కాదు, డ్రిల్లూ కాదు. తను. తొమ్మిదిసార్లు సొంత దస్తూరీతో రాసిన మూడక్షరాల భయం.

"వెళ్లి రాస్తాను," అన్నాడు. "నిజం రాస్తాను. నాలుగు ప్రతుల్లో."

రాశాడు. "ఈ ఇంజనుకు ఫిల్టర్ లేదు. ఏనాడూ లేదు. నా తొమ్మిది నివేదికలూ అబద్ధం. రంధ్రం చేయవద్దని ప్రార్థన." సంతకం పెట్టాక ఒళ్లు తేలికైనట్టుంది. నాకింత ధైర్యముందా అని తనను చూసి తనే ముచ్చటపడ్డాడు. ముచ్చట పావుగంట నిలిచింది.

హైమావతి గారు కాగితం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చెడ్డమనిషి కాదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క కాగితాన్నీ అన్యాయంగా ఆపలేదు. "సార్, ఇది నేను పైకి పంపలేనండి. తొమ్మిది అవునులకు ఒక్క లేదు ఎదురు నిలవదు. పైగా అధికారి అభిప్రాయం మార్గదర్శికి విరుద్ధంగా ఉండరాదని నిబంధన. మార్గదర్శి మొదటి వాక్యమే చూడండి. ఫిల్టర్ లేని ఇంజను ఊహకందనిది."

"అది రాసింది నేనే కదండీ!"

"అందుకే సార్. వేరేవాళ్లు రాసుంటే మీరు ఖండించవచ్చు."

ఆమె బల్లమీద ఫిల్టర్లోంచి ఒక పెన్ను తీసి కాగితం మీద "పరస్పర విరుద్ధం, తిరస్కరించడమైనది" అని రాసింది. మరో కన్నంలోంచి గుండుసూది పీకి నాలుగు ప్రతులకూ గుచ్చి చేతికిచ్చింది.

పశుపతి చిత్తరంజన్ గారికి ఫోను చేశాడు. ఆయన ఎంతో నొచ్చుకున్నారు. "మీ వినయం నాకు తెలుసండీ. కానీ ఇంత వినయం పనికిరాదు. మీ పుస్తకం చదివే కదా నేను ఫిల్టరంటే ఏమిటో నేర్చుకున్నాను! మీ మాట మీరే కాదంటే మేమెవర్ని నమ్మాలి? విశ్రాంతి తీసుకోండి. శనివారం కలుద్దాం."

శనివారం వచ్చింది. షామియానా వేశారు. కారుకు బంతిపూల దండలు కట్టి వేదిక మీదికి తోశారు. షెడ్డులో అతిథుల భోజనాలకు బల్లలు పరిచారు, పులిహోర గంగాళాలు దిగాయి. లేత్ వర్క్‌షాపు నుంచి వచ్చిన గంగరాజు అనే మెకానిక్ డ్రిల్లింగు మిషను సరిచూసుకుంటున్నాడు. అతను ఇంజనును చూసి, "ఎక్కడ పొడవాలండీ? ఎక్కడ పొడిచినా పగిలేలా ఉందే!" అన్నాడు. కమిటీ చూసుకుంటుందని చెప్పారు. సుద్దముక్కతో ఇంజను పక్కన గుండ్రంగా గుర్తు గీశారు. కుర్చీల్లో విద్యార్థులు, ముందు వరసలో చిత్తరంజన్ గారు. మెడలో దండ, ఒళ్లో ఎంపికైన మధ్యరకం ఫిల్టర్, దానికి కుంకుమ బొట్టు.

నాగుల్‌మీరా కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం. ఒక అరచెయ్యి ఇంజను మీద సుద్ద గుర్తును కప్పి ఉంది.

"చెయ్యి తియ్యి పెద్దాయనా," అన్నాడు గంగరాజు.

"తియ్యను."

"తియ్యకపోతే ఎలాగయ్యా?"

"చేతిలోంచే పొడువు," అన్నాడు నాగుల్‌మీరా. అరవలేదు.

ముందు వరసలో కలకలం రేగింది. క్రమశిక్షణ చర్య అన్న మాట వినబడింది. పశుపతి మైకు దగ్గర నిలబడి స్వాగత వచనాల కాగితం పట్టుకుని ఉన్నాడు. నిజం చెప్పి చూశాను కదా, నాలుగు ప్రతుల్లో చెప్పాను కదా, నిజానికి ఈ శాఖలో ఇన్వర్డ్ నంబరు కూడా రాలేదు కదా అనుకున్నాడు. మరి ఈ శాఖ దేనికి కదులుతుంది? ఏ మాట వింటే ఆగుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి సంవత్సరం మెమో. అక్షరం అక్షరం.

ఆయన స్వాగత వచనాలు జేబులో పెట్టుకుని మైకు పట్టుకున్నాడు. "అధ్యక్షా, ఒక విషయం మనవి చేసుకుంటున్నాను. ఈ ఇంజను ఫిల్టర్ పోయింది."

"పోయిందా?" అన్నారు చిత్తరంజన్ గారు లేచి.

"పోయింది సార్. నా కస్టడీలో ఉండగా పోయింది. నా నిర్లక్ష్యం వల్లే పోయింది. లిఖితపూర్వకంగా ఇస్తాను."

దాని మహిమ చూడాలి! లేదు అంటే నమ్మనివాళ్లు పోయింది అనగానే కళ్లతో చూసినట్టు నమ్మారు. తొమ్మిది అవునులకూ ఇప్పుడు ఏ విరుద్ధమూ లేదు. ఉన్న ఫిల్టరే కదా పోయేది. మార్గదర్శికీ విరుద్ధం లేదు. ఫిల్టర్ లేని ఇంజను ఊహకందదు గనకే విచారణ. చిత్తరంజన్ గారి ముఖంలో బాధా, ఆ వెనకే ఒక రకమైన తేజస్సూ కనబడ్డాయి. "డ్రిల్లు ఆపండి! విచారణ ముగియువరకు సదరు ఇంజనును ఎవ్వరునూ తాకరాదు! హైమావతి గారూ, సీలు!"

హైమావతి గారి హ్యాండ్‌బ్యాగులో లక్క, కొవ్వొత్తి, ముద్ర ఎప్పుడూ ఉంటాయి. "షెడ్డులో పెట్టి సీలు వేయాలా సార్, క్రితంసారి లాగా?"

పశుపతికి క్రితంసారి గుర్తొచ్చింది. ఐదు నెలలు, నేలకంటుకున్న టైర్లు, తాళం ముందు కుర్చీ. "షెడ్డులో పులిహోర ఉందండీ," అన్నాడు గబగబా.

చిత్తరంజన్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. "సంఘటనా స్థలానికి మాత్రమే సీలు వేయండి," అన్నారు.

"ఫిల్టర్ ఉండిన స్థలం చూపించండి," అంది హైమావతి గారు, కొవ్వొత్తి వెలిగించి.

పశుపతి నాగుల్‌మీరా కేసి చూశాడు. నాగుల్‌మీరా ఇంజను మీదనుంచి చెయ్యి తీశాడు. బానెట్ కింద, ఇంజనుకు దూరంగా, దేనికీ పనికిరాని ఒక రేకు పలక చూపించాడు. "ఇక్కడుండేదండీ," అన్నాడు. జీవితంలో అతనాడిన అబద్ధం బహుశా అదొక్కటే. నీటుగా ఆడాడు. హైమావతి గారు ఆ రేకు మీద ఎర్రటి లక్క పోసి ముద్ర కొట్టింది.

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ప్రారంభోత్సవం అయిపోయిందనుకున్నారు. భోజనాలు బాగున్నాయి.

ఆ సోమవారం గోడమీద ప్రశంసాపత్రాన్ని హైమావతి గారే దించి, అట్టపెట్టెలో పెట్టి, రసీదు తీసుకుని పైకి పంపింది. మార్గదర్శి ప్రతులను వెనక్కి తెప్పించారు. అందులో తప్పులున్నాయని కాదు, రచయిత మీద విచారణ ఉందని. పశుపతి రిటైర్మెంటుకు సన్మానం ఉండదని ఉత్తర్వు వచ్చింది. ముప్ఫై మూడేళ్ల సర్వీసు చివర ఫిల్టర్ పోగొట్టినవాడు అని పేరు. భార్య మాత్రం, "పోనిద్దురూ, నా కరివేపాకు చచ్చిపోయినప్పుడే అనుకున్నాను అవి అచ్చిరావని," అంది. ఎంత నవ్వుకున్నా లోపల ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది ఆయనకు. పోగొట్టుకున్న వస్తువైనా ఉంటే బాగుండేది.

శుక్రవారం వచ్చింది. షెడ్డులో హ్యాండిల్ తిరిగింది. రెండు దగ్గులు, ఆపైన ఇంజను అందుకుంది. పశుపతి కంగారుగా పరుగెత్తాడు. "మీరా! ఎవ్వరూ తాకకూడదన్నారయ్యా!"

"నేను హ్యాండిలు తాకా సార్," అన్నాడు నాగుల్‌మీరా. "ఇంజన్ని తాకలా. సీలు చూడండి, చెక్కుచెదర్లా."

ఎర్రటి లక్క రేకు మీద సన్నగా అదురుతోంది.

రిటైర్మెంటు ఇంకా వారం ఉందనగా ఆఖరి మెమో వచ్చింది. చిత్తరంజన్ గారు దయతో రాయించినట్టే ఉంది. "తమ సుదీర్ఘ సేవను పరిగణనలోనికి తీసుకొని తుది అవకాశమిచ్చుట అయినది. పోయిన ఫిల్టర్‌ను వెతికి అప్పగించినచో తమపై అభియోగము ఉపసంహరించబడును. ప్రశంసాపత్రము, సన్మానము పునరుద్ధరించబడును. లభ్యమైన ఫిల్టర్‌ను సదరు ఇంజనుకు, ప్రజలకు కనబడునట్లు, తిరిగి అమర్చవలెను."

హైమావతి గారు ఆ మెమో తెచ్చి బల్లమీద పెట్టి, కాసేపు అక్కడే నిలబడింది. ఆమె చూపు పశుపతి బల్లమీద డబ్బా మీదకు పోయింది. తన బల్లమీద డబ్బాను తలుచుకున్నట్టుంది. లక్ష్మీదేవి పటం వైపు చూసింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో మొదటిసారి ఆమె ముఖంలో ఏ నిబంధనకూ సంబంధించని ఆలోచన కనబడింది.

"సార్," అంది మెల్లగా. "ఇది..."

"కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నానండి," అన్నాడు పశుపతి.

"నాకు ఒక్కమాట చెప్పండి సార్, నేను ఇప్పుడే రాసి పంపిస్తాను. దొరికిందని. మీకు సన్మానం జరగాలి సార్."

నిజంగానే జరగాలని ఉంది ఆమెకు. గొంతులో తెలుస్తోంది. పశుపతికీ ఉంది. ఎందుకు లేదనాలి? శాలువా ఇష్టం ఆయనకు. గోడమీద పటం ఉన్నచోట తెల్లగా నాలుగు పలకల మచ్చ కనబడుతోంది. చెయ్యి చాచి ఆ డబ్బాను ఆమె చేతిలో పెడితే చాలు, అంతా తిరిగొస్తుంది. డ్రిల్లుతో సహా.

షెడ్డులోంచి హ్యాండిల్ చప్పుడు వినబడింది. ఆ రోజు శుక్రవారం. ఆఫీసులో అందరూ ఫైళ్లలోంచి తలెత్తారు. ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. అందుకుంది.

ఆయన మెమో కింద, జవాబు రాయవలసిన ఖాళీలో, తొమ్మిదేళ్లు "అవును" రాసిన దస్తూరీతోనే రాశాడు: "అన్నిచోట్ల వెతికితిని. దొరకలేదు." సంతకం పెట్టి, ఫ్యాను గాలికి కాగితం లేవబోతే, పక్కనున్న ఫిల్టర్ తీసి దాని మీద పెట్టాడు.